దారం వదలడంలోనే రీలు పనితనం

విశాఖపట్నం జాలారిపేటల నుంచి సూర (ట్యూనా) చేపల వేటకు వెళ్లే మత్స్యకారులు చేతి గాలంతోనే తమకంటే ఎంతో బలమైన చేపను అలసగొట్టి పైకి తెస్తారు. వారి చేతిలో రాడ్ ఉండదు, రీలు ఉండదు. ఉండేదల్లా దారం, గాలం, ఎర, వాటితోపాటు ఏ క్షణాన దారాన్ని జారనివ్వాలో, ఏ క్షణాన బిగపట్టాలో తెలిసిన వేళ్లు. చేప పరుగు తీసినప్పుడు మొండిగా పట్టుకుంటే దారమైనా తెగుతుంది, వేళ్లైనా తెగుతాయి. మరీ వదులుగా విడిస్తే చేప అలసిపోదు, గాలం ఊడిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని వ్యవధిలోనే ఆ వేట నైపుణ్యమంతా ఉంటుంది. రీలు అనే యంత్రం వేళ్లు చేసే ఈ పనిని వాషర్లకు, పళ్ల చక్రాలకు అప్పగించింది.

దుకాణంలో రీలును చేతికి తీసుకున్నవారు మాత్రం దాదాపుగా అందరూ మొదట హ్యాండిల్‌ను గిరగిరా తిప్పి చూస్తారు. చప్పుడు లేకుండా నునుపుగా తిరిగితే మంచి రీలనుకుంటారు. భారమేదీ లేని ఖాళీ రీలు నునుపుగా తిరగడం గొప్పేమీ కాదు. నాలుగు బేరింగులు, కొంచెం నూనె ఉంటే ఎంత నాసిరకం రీలైనా ఆ పాటి మెప్పు పొందగలదు. రీలుకు అసలైన పరీక్ష దారాన్ని చుట్టేటప్పుడు కాక వదిలేటప్పుడు ఎదురవుతుంది. అలా వదలాల్సిన సందర్భాలు రెండు: ఎరనో లూర్‌నో (కృత్రిమ ఎరనో) విసిరినప్పుడు ఒకటి, పట్టుబడిన చేప పరుగు తీసినప్పుడు రెండవది. రీలు ఎంపికలో ఎదురయ్యే ప్రశ్నలన్నింటినీ, రకం, సైజు, గేర్ నిష్పత్తి, బేరింగుల సంఖ్య వంటి వాటినన్నింటినీ, ఈ రెండు సందర్భాల వెలుగులో చూస్తేనే వాటిలో ఏది ముఖ్యమో, ఏది పెట్టె మీది అలంకారమో తేలుతుంది.

కండె నేర్పిన పాఠం

చేనేత మగ్గాన్ని దగ్గరగా చూసినవారికి, దారపు చుట్ట (స్పూల్) తిరగని స్పిన్నింగ్ రీలు సూత్రం కొత్తగా అనిపించదు. నాడెలో బిగించిన కండె, అంటే నూలు చుట్టిన చిన్న గొట్టం, తాను తిరగదు. నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే పేక నూలు కండె కొన మీదుగా చుట్టు వెంట చుట్టుగా జారి బయటికి వస్తుంది. కండె తానే తిరుగుతూ నూలును వదలాల్సి వచ్చి ఉంటే, నాడె ఆగిన ప్రతిసారీ అది తన ఊపుతో ఇంకొంత తిరిగి, నూలును ఉండగా చిక్కుపరిచేది.

ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల నేపథ్యం నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంట్ పొందిన రీలులో ఉన్నది సరిగ్గా ఈ కండె ఏర్పాటే. అంతకు ముందు వాడుకలో ఉన్న రీళ్లలో దాదాపు అన్నీ తిరిగే చక్రాలే. చైనా చిత్రకారుడు మా యువాన్ 12వ శతాబ్దం చివర్లో గీసిన ఒంటరి జాలరి చిత్రంలో కనిపించే రీలు కూడా అలాంటి చక్రమే. చక్రం తిరగాలంటే దానిని ఎవరో కదిలించాలి. బరువైన ఎర ఆ పని చేయగలదు, తేలికైన ఎర చేయలేదు. స్కాట్లండ్‌లో మాలక్ అనే తయారీదారు 1884 ప్రాంతంలో చక్రాన్ని విసిరేటప్పుడు పక్కకు తిప్పి, చుట్టేటప్పుడు మళ్లీ యథాస్థానానికి తెచ్చే రీలును చేశాడు. దానితో తేలికైన ఎర కూడా దూరం వెళ్లింది కాని, వదిలేటప్పుడు కొన మీదుగా జారిన దారాన్ని చుట్టేటప్పుడు చక్రం తిప్పి చుట్టడం వల్ల ప్రతి చుట్టుకూ ఒక మెలి దారంలో మిగిలిపోయేది. ఇల్లింగ్‌వర్త్ రీలులో స్పూల్ రెండు వేళలా కదలదు. దారాన్ని చుట్టే యంత్రపు చెయ్యే స్పూల్ చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. చుట్టేటప్పుడు పడిన మెలి విసిరేటప్పుడు విడిపోతుంది. ఇప్పటి స్పిన్నింగ్ రీళ్లన్నీ ఆ ఆలోచన సంతానమే.

తిరిగే చక్రం మాత్రం అంతరించిపోలేదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో చక్రానికి పళ్ల చక్రాలను జోడించి, హ్యాండిల్ ఒకసారి తిప్పితే స్పూల్ పలుమార్లు తిరిగే రీలును చేశాడు. నేటి బెయిట్‌కాస్టర్ అనే తిరిగే స్పూల్ రీలుకు వంశమూలం అక్కడ ఉంది. ఇందులో విసిరినప్పుడు స్పూల్ తిరుగుతూ దారాన్ని వదులుతుంది. లూర్ గాలిలో వేగం కోల్పోతున్నా స్పూల్ తన ఊపులో తిరుగుతూనే ఉంటే, వదిలిన దారానికి వెళ్లే చోటు లేక రీలులోనే పిట్టగూడులా అల్లుకుపోతుంది. దీనిని నివారించడానికి బ్రేకులు వచ్చాయి. అయస్కాంతాల సమీపంలో అల్యూమినియం స్పూల్ తిరిగినప్పుడు అందులో పుట్టే సుడి విద్యుత్ ప్రవాహాలు దాని వేగాన్ని అడ్డుకుంటాయి. స్పూల్ ఎంత వేగంగా తిరిగితే అడ్డు అంత ఎక్కువ కాబట్టి ఈ ఏర్పాటు తనంత తానే సర్దుకుంటుంది. అయినా లూర్ నీటిని తాకే క్షణంలో బొటనవేలితో స్పూల్‌ను ఆపే అలవాటుకు ఏ బ్రేకూ పూర్తి ప్రత్యామ్నాయం కాదు. ఎదురుగాలికి విసిరేటప్పుడు ఈ మాట మరింత నిజం.

అందువల్ల రకాన్ని ఎంచుకోవడంలో మొదటి ప్రశ్న ఎర బరువు. 7 నుంచి 10 గ్రాముల లోపు లూర్లకు, బెండు కట్టిన తేలికపాటి ఎరకు స్పిన్నింగ్ రీలే సరైనది. అంతకు మించిన బరువులను రెండు రకాలూ విసరగలవు కాని, కొన్ని వేటల్లో బెయిట్‌కాస్టర్‌కు స్పష్టమైన మేలు ఉంది. కొరమీను వేటనే తీసుకుంటే, తామరాకులూ గుర్రపుడెక్కా పరచుకున్న చెరువు మీద కప్ప ఆకారపు లూర్‌ను ఆకుల మీదుగా పాకించాలి, కొరమీను పైకి లేచి దానిని అందుకున్న వెంటనే తూడుల్లోకి దూరకముందే తల తిప్పి లాగాలి. అక్కడ దారాన్ని వదిలే వెసులుబాటు దాదాపు లేదు. 40, 50 పౌండ్ల లాగుడును తట్టుకునే బ్రెయిడ్ (సన్నని పోగులతో అల్లిన) దారం, బాగా బిగించిన డ్రాగ్ (దారం జారడాన్ని అదుపు చేసే బ్రేకు) ఉండాలి. స్పిన్నింగ్ రీలులో దారం రోలర్ అనే చిన్న చక్రం దగ్గర లంబకోణంలో మలుపు తిరిగి స్పూల్‌ను చేరుతుంది. బెయిట్‌కాస్టర్‌లో నేరుగా వచ్చి చేరుతుంది కనుక అంతటి లాగుడుకు అది తగిన యంత్రం. (చెరువులు చాలావరకు మత్స్యకార సహకార సంఘాల లీజులో ఉంటాయి కాబట్టి, ఏ రీలు తీసుకెళ్లినా ముందుగా సంఘం అనుమతి తీసుకోవడం మర్యాదా, అవసరమూ.)

బొచ్చె, శీలావతి వంటి చేపల కోసం పిండి ముద్దను నీటి అడుగున వేసి, రాడ్‌ను స్టాండు మీద నిలబెట్టి గంటల తరబడి కూర్చునే వారికి మరో ఏర్పాటు అవసరమవుతుంది. అటువంటి వేటలో బొచ్చె ఒక్క ఊపున పరుగు తీస్తే, డ్రాగ్ బిగించి ఉన్న రీలుతో సహా రాడ్ నీటిలోకి వెళ్లిపోతుంది. వెనుక ఒక మీట ఉండి, దానిని వేస్తే స్పూల్ చాలా తేలికగా తిరిగే, హ్యాండిల్ తిప్పగానే అసలు డ్రాగ్ అందుకునే రీళ్లు ఇందుకోసమే ఉన్నాయి. బెయిట్‌రన్నర్ అనే పేరుతో ఇవి ప్రసిద్ధం. దారాన్ని వదిలే స్వభావాన్ని రెండు స్థాయుల్లో ముందుగానే నిర్ణయించుకునే సౌకర్యం ఇది. లూర్ విసిరేవారికి దీనితో పని లేదు, అదనపు బరువు తప్ప.

సైజు అంకెలు, దారం పట్టే లెక్క

స్పిన్నింగ్ రీళ్ల మీద ఉండే 1000, 2500, 4000 వంటి అంకెలు గ్రాములూ కావు, మీటర్లూ కావు. అవి తయారీదారులు తమ వరుసలో పెట్టుకున్న గుర్తులు మాత్రమే. ఒకరి 4000, మరొకరి 4000 ఒకే పరిమాణంలో ఉండాలన్న నియమం లేదు. స్థూలంగా చెప్పాలంటే చెరువుల్లో, కాలువల్లో చిన్న చేపలకు 1000 నుంచి 2500 వరకు, గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గరి పాయల్లో పండుగప్పకు, చెరువుల్లో పెద్ద బొచ్చెకు 3000 నుంచి 4000 వరకు, సముద్రపు ఒడ్డున పొడవాటి రాడ్‌తో అలల అవతలికి విసరడానికి 5000 నుంచి 6000 వరకు, పడవ మీద వంజరం, పెద్ద పార వంటి చేపలకు 8000, ఆపైన సరిపోతాయి. పెద్దది కొంటే అన్నింటికీ పనికొస్తుందన్న ఆలోచన సాధారణంగా బెడిసికొడుతుంది. రోజుకు కొన్ని వందల సార్లు విసిరే వేటలో రీలు బరువు మణికట్టుకు తెలుస్తుంది, రాడ్‌కు బిగించాక ఎత్తి పట్టుకుంటే తూకం రీలు కాలి (రాడ్‌కు బిగించే భాగం) దగ్గరే నిలవాలి.

అంకె కంటే నమ్మదగినది స్పూల్ మీద ముద్రించే దారం లెక్క. 0.30 మిల్లీమీటర్ల దారం 200 మీటర్లు పడుతుందని రాసి ఉంటే, ఇతర మందాల దారం ఎంత పడుతుందో ఎవరైనా లెక్కగట్టవచ్చు; దారం ఆక్రమించే చోటు దాని వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. 0.35 మిల్లీమీటర్ల దారమైతే ఆ స్పూల్‌లో సుమారు 147 మీటర్లే పడుతుంది. 0.25 అయితే 288 మీటర్లు, 0.20 బ్రెయిడ్ అయితే 450 మీటర్లు. మందంలో కంటికి ఆనని తేడా పొడవులో ఇంత మార్పు తెస్తుందన్నది చాలామంది పట్టించుకోని సంగతి. చెరువులో 100 మీటర్లకు మించి అవసరం పడేది అరుదు. పడవ మీది వేటలో మాత్రం వంజరం తొలి పరుగులోనే ఆ 100 మీటర్లను ఖాళీ చేయగలదు.

డ్రాగ్

డ్రాగ్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వాషర్ల దొంతర. వాటిలో కొన్ని ఇరుసుతోపాటు కదలకుండా నిలుస్తాయి, కొన్ని స్పూల్‌తోపాటు తిరుగుతాయి. పైనున్న మరను బిగిస్తే అవి ఒకదానినొకటి ఒరుసుకుంటాయి, నిర్ణయించిన బలాన్ని మించి చేప లాగితే జారతాయి. చేతి గాలం వేటగాడి వేళ్లు చేసే పని ఇదే. పేరొందిన రీలుకు, చవక రీలుకు మధ్య ధరలో ఉన్న తేడాకు ఏదైనా న్యాయమైన కారణం ఉంటే అది ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

డ్రాగ్‌లో చూడాల్సింది ఎంత బిగుస్తుందన్నది కాదు, ఎలా మొదలవుతుందన్నది. నిలిచి ఉన్న వస్తువును కదిలించడానికి కావాల్సిన బలం, కదులుతున్న దానిని కదుపుతూ ఉండడానికి కావాల్సిన బలం కంటే ఎక్కువ. బరువైన బీరువాను జరిపిన ప్రతివారికీ ఇది అనుభవమే. వాషర్లకూ ఇదే వర్తిస్తుంది. నాసిరకం డ్రాగ్‌లో ఆ తేడా ఎక్కువగా ఉండి, చేప పరుగు మొదలైన క్షణంలో అది అతుక్కుపోయినట్లు నిలిచి, తరువాత ఒక్కసారిగా జారి, మళ్లీ పట్టేస్తుంది. మడ అడవుల వేళ్ల పక్కన లూర్‌ను అందుకున్న పండుగప్ప ఆ తొలి క్షణంలోనే తన బలమంతా చూపుతుంది, వెంటనే నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంది. దారం తెగడం, గాలం ఊడడం ఎక్కువగా జరిగేది అప్పుడే. అందువల్ల దుకాణంలో హ్యాండిల్ తిప్పడం మాని, డ్రాగ్‌ను తేలికగా బిగించి, దారాన్ని చేత్తో మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా లాగి చూడడం మేలైన పరీక్ష. ఏ వేగంలో లాగినా చేతికి ఒకే బరువు తెలిస్తే ఆ డ్రాగ్ మంచిది. కుదుపులు తెలిస్తే రీలు ఎంత మెరుస్తున్నా పక్కన పెట్టాలి.

వాషర్లలో ఫెల్ట్‌వి (ఒత్తిన ఉన్ని బట్ట వంటివి) తక్కువ బిగింపుల దగ్గర మెత్తగా జారతాయి, కార్బన్ నారతో చేసినవి వేడిని బాగా తట్టుకుంటాయి. చేప లాక్కుపోయిన ప్రతి మీటరు దారానికీ పుట్టిన ఒరిపిడి మొత్తం వేడిగానే మారుతుంది కనుక, దూరం పరుగెత్తే సముద్రపు చేపలకు కార్బన్ వాషర్లు తగినవి. డ్రాగ్ మర స్పూల్ ముందు ఉండే రీళ్లలో పెద్ద వాషర్లకు చోటు దొరుకుతుంది. వెనుక ఉండేవి సర్దుకోవడానికి అనువైనవే కాని, సాధారణంగా చిన్న వాషర్లతో సరిపెట్టుకోవాలి.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే గరిష్ఠ డ్రాగ్ అంకె, ఉదాహరణకు 10 కిలోలు అన్నది, సాధారణ వేటకు అక్కరకు రాని సంఖ్య. డ్రాగ్‌ను దారం తెగే బలంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య బిగించాలన్నది చాలాకాలంగా నిలిచిన నియమం. 20 పౌండ్ల దారం తెగే బలం సుమారు 9 కిలోలు. దానికి తగిన బిగింపు 2.25 నుంచి 3 కిలోలు. ముడి దగ్గర దారం బలహీనపడడం, చేప కుదుపులు, రాడ్ వంపులో గైడ్ల (దారం దూరే వలయాల) ఒరిపిడి అన్నీ మిగిలిన భాగంలో ఇమడాలి. పైగా 3 కిలోలు తక్కువేమీ కాదు. రాడ్ మొదలును నడుముకు ఆనించి, ముందు చెయ్యి అక్కడికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వంగిన రాడ్ కొన 1.6 మీటర్ల దూరంలో 3 కిలోల లాగుడుకు లోనైనప్పుడు ఆ చెయ్యి మోసేది 12 కిలోలు. గరిష్ఠ అంకెలను చూసి మురిసే కొనుగోలుదారులు ఈ తులాదండపు లెక్క వేసుకుంటే వారి ఉత్సాహం కొంత తగ్గుతుంది. తమకు కావాల్సిన 2, 3 కిలోల దగ్గర నిలకడగా జారే రీలును అప్పుడు వెతుకుతారు.

ఈ బిగింపును వేళ్ల అంచనాతో కాక, కూరగాయల బరువు చూసే కొక్కెపు త్రాసుతో కొలవడం మంచిది. రాడ్‌కు రీలు బిగించి, దారాన్ని గైడ్లన్నింటి గుండా పోనిచ్చి, కొనను త్రాసు కొక్కేనికి కట్టి, రాడ్‌ను 45 డిగ్రీల కోణంలో పట్టుకుని మరొకరు త్రాసును లాగాలి. డ్రాగ్ జారడం మొదలైనప్పుడు త్రాసు చూపే అంకే అసలు బిగింపు. రీలు దగ్గర నేరుగా లాగి చూస్తే ఇంతకంటే తక్కువ చూపుతుంది, ఎందుకంటే గైడ్ల ఒరిపిడి ఆ లెక్కలోకి రాదు.

ఇక అనుభవజ్ఞులను కూడా మోసగించే అంశం ఒకటుంది. వాషర్లు స్పూల్ తిరగడాన్ని అడ్డుకునే పట్టు ఎప్పుడూ ఒకటే. ఆ పట్టును దాటడానికి దారం మీద కావాల్సిన లాగుడు మాత్రం స్పూల్‌లో మిగిలిన దారం వ్యాసాన్ని బట్టి మారుతుంది. నిండు స్పూల్ మీద 50 మిల్లీమీటర్లు ఉన్న దారపు వలయం చేప పరుగుతో 40 మిల్లీమీటర్లకు తగ్గితే, మరను ముట్టకుండానే 3 కిలోల బిగింపు 3.75 కిలోలు అవుతుంది. వ్యాసం సగానికి తగ్గితే బిగింపు రెట్టింపవుతుంది. దీనికి తోడు నీటిలో ఈడ్చుకుపోతున్న పొడవాటి దారం మీద నీటి ఒరిపిడి కూడా చేరుతుంది. దారం అయిపోతోందన్న కంగారులో మనిషి సహజంగా చేసే పని డ్రాగ్‌ను మరింత బిగించడం. యంత్రం కోరేది అందుకు సరిగ్గా విరుద్ధం. ఆ స్థితిలో డ్రాగ్‌ను అలాగే ఉంచాలి, లేదా కొద్దిగా వదులు చేయాలి. తాత్కాలికంగా ఎక్కువ బిగింపు కావాలంటే స్పూల్ అంచు మీద వేలిని మెల్లగా ఆనించవచ్చు; చేప మళ్లీ ఉరికితే వేలిని తీసేయడం క్షణంలో పని, మరను సరైన చోటికి వెనక్కి తిప్పడం మాత్రం క్షణంలో అయ్యే పని కాదు.

నిష్పత్తి, బేరింగులు

గేర్ నిష్పత్తి 5.2:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టుకు రోటర్ (స్పూల్ చుట్టూ తిరిగి దారాన్ని చుట్టే భాగం) 5.2 చుట్లు తిరుగుతుందని అర్థం. 47 మిల్లీమీటర్ల స్పూల్ మీద అది ఒక తిప్పుకు సుమారు 77 సెంటీమీటర్ల దారాన్ని తెస్తుంది. 6.2:1 అయితే 92 సెంటీమీటర్లు. వేగం పెరిగినప్పుడు లాగే బలం తగ్గుతుంది. సైకిల్ గేర్లు తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మొదటి రీలుకు 5 నుంచి 5.5 మధ్య ఏదైనా సరిపోతుంది.

బేరింగుల విషయంలో "13+1" వంటి ప్రకటనలను చూసి లొంగిపోకూడదు. ఆ "+1" హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్. మిగిలిన వాటిలో పిన్యన్‌కు (చిన్న పళ్ల చక్రానికి), ప్రధాన గేర్‌కు, దారపు రోలర్‌కు ఆధారంగా ఉండే నాలుగైదింటికే ప్రాముఖ్యం. తుప్పు పట్టని ఐదు బేరింగులు, తుప్పు పట్టే పదమూడింటి కంటే మేలు. బాడీ గ్రాఫైట్ అని రాసి ఉంటే అది నిజానికి నారతో బలపరిచిన ప్లాస్టిక్. తేలిక, ఉప్పుకు చెడదు, అయితే భారం మీద కొంచెం వంగి గేర్ల పళ్ల అమరికను చెదరగొడుతుంది. అల్యూమినియం వంగదు, ఉప్పునీటిలో శ్రద్ధ కోరుతుంది. చెరువుకు మొదటిది, పడవకు రెండవది అనుకుంటే పెద్దగా తప్పు ఉండదు.

వాడకం

ఎంత మంచి రీలైనా దారం నింపడంలో చెడిపోవచ్చు. స్పూల్ అంచుకు సుమారు 2 మిల్లీమీటర్ల లోపు వరకు దారం రావాలి. అంతకంటే ఎక్కువ నింపితే విసిరినప్పుడు రెండు మూడు చుట్లు ఒకేసారి జారి ముడిపడతాయి. తక్కువ నింపితే ప్రతి చుట్టూ అంచుకు ఒరుసుకుని దూరం తగ్గుతుంది. బ్రెయిడ్ దారం నున్నటి లోహపు స్పూల్‌ను పట్టుకోదు. దానిని నేరుగా కడితే ఎంత ముడి వేసినా దొంతర మొత్తం స్పూల్ మీద జారిపోతుంది, చూసేవారికి డ్రాగ్ చెడిపోయినట్లు కనిపిస్తుంది. అడుగున కొన్ని మీటర్ల నైలాన్ దారం చుట్టి, దానికి బ్రెయిడ్‌ను ముడివేస్తే ఈ బాధ ఉండదు. బ్రెయిడ్‌ను తడిగుడ్డతో పట్టి బిగువుగా చుట్టాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్‌లో పెద్ద చేప లాగుడుకు పై దారం కింది పొరల్లోకి కోసుకుపోయి, తరువాతి విసురులో అక్కడే ఆగిపోతుంది, లూర్ తెగి ఎగిరిపోతుంది.

విసిరేటప్పుడు చూపుడువేలి మీద దారాన్ని పట్టుకుని, దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే బెయిల్ తీగను తెరిచి, రాడ్ ముందుకు వచ్చే క్షణంలో వేలిని వదలడం అందరూ త్వరలోనే నేర్చుకుంటారు. విసిరిన తరువాత బెయిల్‌ను చేత్తో మూయడం మాత్రం కొద్దిమందే పాటిస్తారు. హ్యాండిల్ తిప్పితే బెయిల్ దానంతట అది మూసుకుంటుంది నిజమే, కాని అప్పుడు రోలర్ మీదికి వచ్చే దారం వదులుగా ఉండి ఒక చుట్టు వేలాడుతూ చేరుతుంది. తరువాతి విసురులో పడే చిక్కుముడి ఆ చుట్టు నుంచే పుడుతుంది. చేత్తో మూసి, దారాన్ని ఒకసారి బిగువుగా లాగి, ఆపైన తిప్పడం రెండు సెకన్ల పని.

చేప లాక్కుపోతున్నప్పుడు హ్యాండిల్ తిప్పడం స్పిన్నింగ్ రీలుకు జరిగే అతిపెద్ద అపకారం. డ్రాగ్ జారుతుంటే దారం లోపలికి రాదు. రోటర్ మాత్రం స్పూల్ చుట్టూ తిరుగుతూ ప్రతి చుట్టుకూ ఒక మెలిని దారంలోకి ఎక్కిస్తుంది. 5.2 నిష్పత్తి ఉన్న రీలు హ్యాండిల్‌ను అలా 20 సార్లు తిప్పితే 104 మెలికలు పడతాయి. ఆ రోజు తెలియదు; మర్నాడు విసిరినప్పుడు దారం రీలు ముందే ఉంగరాలు తిరిగితే, దారం నాణ్యతను నిందిస్తారు. డ్రాగ్ చప్పుడు వినిపిస్తున్నంతసేపు హ్యాండిల్ మీది చెయ్యి కదలకూడదు. చేప ఆగాక రాడ్‌ను నెమ్మదిగా పైకెత్తి చేపను దగ్గరికి తెచ్చి, రాడ్‌ను కిందికి దించుతూ ఆ వదులైన దారాన్ని మాత్రమే చుట్టాలి. రాడ్ లాగుతుంది, రీలు చుట్టుకుంటుంది. రీలుతోనే లాగాలని చూస్తే గేర్ల పళ్లు అరిగిపోతాయి. పండుగప్ప పైకి ఎగిరినప్పుడు రాడ్ కొనను చేప వైపు దించితే గైడ్ల ఒరిపిడి ఒక్కసారిగా తగ్గి దారం సులువుగా జారుతుంది, తల విదిలింపుకు గాలం ఊడే అవకాశం తగ్గుతుంది.

ఇప్పటికే మెలిపడిన నైలాన్ దారాన్ని పారేయనక్కర్లేదు. కదిలే పడవ వెనుకనో, పారే కాలువలోనో కొనకు ఏమీ కట్టకుండా దారాన్ని పూర్తిగా వదిలి కొన్ని నిమిషాలు ఉంచితే మెలి చాలావరకు విడిపోతుంది. ఎర దగ్గర తిరుగుడు కొక్కెం, అంటే స్వివెల్, కట్టుకుంటే తిరిగే లూర్ల వల్ల పడే మెలి మొదలే తగ్గుతుంది.

ఉప్పునీటి వేట తరువాత

సముద్రపు ఒడ్డున రీలును ఇసుక మీద పెట్టడం, ఇంటికి వచ్చి బకెట్ నీటిలో ముంచడం, రెండూ దానిని త్వరగా చంపే పనులే. ముంచితే ఉప్పు కరిగి పోయే బదులు నీటితోపాటు లోపలికి చేరుతుంది. గొట్టపు నీటిని వేగంగా కొట్టినా అంతే. డ్రాగ్‌ను పూర్తిగా బిగించి వాషర్లలోకి నీరు చొరకుండా చేసి, మంచినీటిని సన్నటి తుంపరగా పైనుంచి పోయాలి, తరువాత గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. గేర్లకు గ్రీజు, బేరింగులకు, హ్యాండిల్ పిడికి నూనె వాడాలి. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌లోకి గ్రీజు వెళితే అది జారడం మొదలుపెడుతుంది. ఫెల్ట్ వాషర్ల మీద తయారీదారు చెప్పిన గ్రీజు తప్ప మరేదీ వేయకూడదు.

రీలులో అందరికంటే ఎక్కువ శ్రమపడే, అందరికంటే తక్కువ పట్టింపుకు నోచుకునే భాగం బెయిల్ చివర ఉండే దారపు రోలర్. లోపలికి వచ్చే ప్రతి మీటరు దారం, డ్రాగ్ జారేటప్పుడు బయటికి వెళ్లే ప్రతి మీటరు దారం దాని మీదుగానే మలుపు తిరుగుతాయి. ఉప్పు పేరుకుని అది తిరగడం మానేస్తే రాయి మీద గీసినట్లు దారం అరుగుతుంది, డ్రాగ్ ఎంత మెత్తనిదైనా దారం కుదుపులతోనే జారుతుంది. దారాన్ని బిగువుగా పట్టి అటూ ఇటూ లాగుతూ రోలర్ తిరుగుతోందో లేదో చూసి, నెలకోసారి, సముద్రానికి వెళ్లినప్పుడైతే ప్రతిసారీ, ఒక్క చుక్క నూనె వేస్తే చాలు.

ఆరిన తరువాత, కడగడం కోసం బిగించిన డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి రీలును దాచాలి. నెలల తరబడి బిగింపులో ఉన్న వాషర్లు ఒకదానికొకటి అతుక్కుని, ముఖ్యంగా ఫెల్ట్‌వి అణిగిపోయి, ఏ కుదుపు లేకుండా జారాలని డబ్బు పెట్టి కొన్న గుణాన్నే కోల్పోతాయి. అలా వదులు చేసిన డ్రాగ్‌కు పాత బిగింపు గుర్తుండదు కనుక, మళ్లీ వేటకు బయలుదేరే ముందు కొక్కెపు త్రాసును ఇంకోసారి బయటికి తీయాల్సిందే.